సముద్ర సింహాలను చూడబోయిన రోజు

నా తమ్ముడు డెంజిల్‌కి చూపు పోతోందని అందరికంటే ముందు కనిపెట్టింది నేను. అందరికంటే ఎక్కువ కాలం నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. చుట్టుపక్కల నా నోటికి జడిసి తప్పుకు తిరిగేవాళ్ళున్నారు. మెర్ల్ పాస్కో ఏ మాటైనా మొహం మీదే అనేస్తుందని పేరు. అనాల్సిన ఒక్క మాటని ఏడాదిన్నర పాటు మింగేసి కూర్చున్నానని ఆ పేరు పెట్టినవాళ్ళకి తెలియదు.

డెంజిల్ నాకంటే పదకొండేళ్ళు చిన్న. వాడు పుట్టిన ఏడాదికే అమ్మ పోయింది, పెంచింది నేను. పదిహేడేళ్ళప్పుడు నాన్న వాడికి విమానం నడపడం నేర్పాడు, వేరేచోట్ల పిల్లలకి సైకిలు నేర్పినట్టు. మా వైపు అదేమీ గొప్ప కాదు. ఈ కొస నుంచి ఆ కొసకి నలభై కిలోమీటర్ల పొలం మాది. పొదల్లో చెదిరిపోయిన గొర్రెల్ని గుర్రాల మీద పోగుచేయాలంటే పదిమంది మనుషులు, మూడు వారాలు కావాలి. నాలుగు సీట్ల సెస్నా విమానంలో డెంజిల్, నేల మీద మోటారు సైకిలుతో ఇంకొకడు ఉంటే నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. చెట్ల తలలు తాకేంత కిందకి దిగి, గొర్రెల వెనక గర్రున తిరిగి, "నీ ఎడమ పక్క పొదలో ముగ్గురు ముసలమ్మలు దాక్కున్నారు, లేపు వాళ్ళని" అని రేడియోలో చెప్పేవాడు. నేల మీద వాడు మందకొడి మనిషి. చదువులో మొద్దు. పెళ్ళిలో ఉంగరం జారవిడిచి పాదిరిగారి కాళ్ళ దగ్గర వెతుక్కున్నాడు. పైకి లేస్తే మాత్రం వేరే డెంజిల్. జీవితంలో వాడికి బాగా వచ్చిన పని అదొక్కటే, ఆ సంగతి వాడికీ తెలుసు.

మొదట టీ దగ్గర పట్టుకున్నాను. కప్పులో పోస్తున్నాననుకుని పక్కన బల్ల మీద పోశాడు. నేను తుడిచాను. తరవాత పేపరు చదవడం మానేశాడు, "అన్నీ అబద్ధాలే రాస్తున్నారు" అని. ఆ తరవాత మనుషుల్ని చూసే తీరు మారింది. కోడి గింజని చూసినట్టు తల పక్కకి తిప్పి కంటి కొసతో చూసేవాడు. ఎదురుగా చూస్తే నడిమధ్య అంతా మసక, అంచుల్లో మాత్రమే ఏదైనా కనబడుతుంది. మా మట్టి రన్‌వేకి రెండు పక్కలా హద్దుగా పాత టైర్లు పాతి వాటికి సున్నం కొడతాం, రెండేళ్ళకోసారి. ఆ ఏడు మూడుసార్లు కొట్టాడు. మూడోసారి బకెట్టు పట్టుకుని వెళ్తుంటే వంటింటి కిటికీలోంచి చూశాక ఇక అనుమానం మిగల్లేదు.

పైలట్లకి రెండేళ్ళకోసారి వైద్యపరీక్ష ఉంటుంది. డెంజిల్ వెళ్ళే ముసలి డాక్టరు గోడ మీద అక్షరాల పటం పాతికేళ్ళుగా మారలేదు. వీడు దాన్ని ప్రార్థన అప్పజెప్పినట్టు అప్పజెప్పి సంతకం తెచ్చుకున్నాడు.

నేనెందుకు చెప్పలేదంటే, మూడేళ్ళుగా వాన లేదు. డెంజిల్ ఎగరలేకపోతే పొలం అమ్ముకోవాలి. అమ్మితే వాడికీ పెళ్ళానికీ ఏదో ఒక దారి దొరుకుతుంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చి, పుట్టిన ఇల్లు దాటి వరసగా మూడు రాత్రులు ఎక్కడా పడుకోని నా గతేంటి? తమ్ముడి మీద ప్రేమ కొద్దీ ఊరుకున్నానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ ప్రేమ కాదు, భయం. నా మంచం, నా పొయ్యి పోతాయన్న భయం.

జనవరిలో, అంటే మాకు నడివేసవిలో, ఒక గురువారం పొద్దున గుడ్లు తింటూ చల్లగా చెప్పాడు. "శనివారం హేలీ బే పోదాం. అందరం. రోజ్లిన్‌కి సముద్ర సింహాల్ని చూపిస్తా."

మా మరదలు ఐలీన్ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్ల. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఒక్కసారి సముద్రం చూపించమని అడిగి అడిగి, విసిగి మానేసింది.

"ఎవరు నువ్వు? నా మొగుణ్ణి ఎక్కడ దాచావ్?" అంది.

"సోమవారం ఉన్ని కత్తిరించేవాళ్ళు దిగుతున్నారు," అన్నాను నేను. "రేపటికి పద్నాలుగు వందల గొర్రెలు దొడ్లో ఉంటాయి. ఇప్పుడా నీకు షికార్లు?"

"ఒక్క రోజేగా అక్కా. పొద్దున బోరు ఇంజను నిండా డీజిల్ పోస్తే సాయంత్రం ఏడు దాకా తొట్లోకి నీళ్ళు పడతాయి. ఏడింటికి మనం ఇంట్లో ఉంటాం."

"శనివారం నలభై నాలుగు డిగ్రీలట."

"అందుకేగా సముద్రం!"

వాళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ రోజ్లిన్, అప్పటికే పొట్ట మీద పాకుతూ, సముద్ర సింహంలా అరుస్తూ బల్ల చుట్టూ తిరుగుతోంది. ఆ అరుపు ఎలా ఉంటుందో దానికి తెలియదు, అచ్చం మా కుక్క అరిచినట్టే ఉంది. ఐలీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక నా మాట ఎవరు వింటారు?

మా పొలాల్లో ఒక పద్ధతుంది. విమానం తిరిగొచ్చేటప్పుడు ఇంటి మీద కిందుగా ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో ఉన్నవాళ్ళు కెటిల్ పొయ్యి మీద పడేసి, పికప్ బండి వేసుకుని రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసకి నడుపుతారు, కంగారూలేవైనా ఉంటే బెదిరి పోవడానికి. వెలుగు తగ్గితే దీపాలు వేసి కొసన నిలబెడతారు. ముప్ఫై ఏళ్ళు ఆ బండి నడిపింది నేను. నలుగురం విమానమెక్కి పోతే ఆ బండి ఎవరు నడుపుతారని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరం ఇంట్లో ఉండేవాళ్ళం మరి. అందరం కలిసి షికారెళ్ళిన రోజు అంతకుముందు లేదు.

శనివారం పొద్దున గాలి లేదు, మబ్బు లేదు. ఐలీన్ మొగుడి పక్కన ముందు కూర్చుంది, కొత్త గౌను ముడత పడకుండా మోకాళ్ళ దగ్గర పట్టుకుని. నేను వెనక, రోజ్లిన్ పక్కన. దాని బెల్టు నేనే పెట్టాను. విమానం లేచినంతసేపూ కళ్ళు మూసుకున్నాను. డెంజిల్ ఈల వేస్తున్నాడు. వాడి చేతులకి ఆ పని ఎంత తెలుసంటే, కళ్ళు ఎందుకు అనిపించేంత. గంటంబావులో హేలీ బేలో దిగాం. అక్కడి రన్‌వే నల్లటి తారుది, వెడల్పుది. చిన్న కుదుపు కూడా లేదు.

కొండ అంచున చెక్కల మెట్ల మీద నిలబడితే కింద రాళ్ళ మీద సముద్ర సింహాలు. ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒకటి లేచి, పక్కదాని మొహం మీద తెడ్డులాంటి రెక్క వేసి, మళ్ళీ పడుకుంది.

"అత్తా, వీటికి పనేం ఉండదా?" అని అడిగింది రోజ్లిన్.

"ఉండదు. అందుకే అంత కొవ్వు."

"నాన్నకి చూపించాలి. నాన్నేడీ?"

డెంజిల్ విమానంలో ఆయిలు చూసొస్తానని చెప్పి అరగంట కిందే వెళ్ళాడు. విమానాలున్నది కుడివైపు. వాడు ఎడమవైపు నడవడం నేను చూశాను. ఐలీన్ చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, చిన్నపిల్లలా కేకలు వేస్తోంది. ఎండకి ముక్కు అప్పుడే ఎర్రబడింది. ఆ ఆనందం చూడలేక, పిల్లని దానికి అప్పజెప్పి నేను ఊళ్ళోకి నడిచాను.

టౌను హాలు వసారాలో బల్ల మీద అల్లికలు అల్లుకుంటున్న నలుగురు ముసలమ్మల మధ్య, టోపీ కళ్ళ మీదకి లాక్కుని కూర్చున్నాడు మావాడు. తలుపు మీద కాగితం అంటించి ఉంది. కంటి డాక్టరు, మూడు నెలలకోసారి.

"కూర్చో అక్కా. నిలబడితే అందరూ చూస్తారు," అన్నాడు. నా అడుగుల చప్పుడు వాడికి తెలుసు.

"ఇందుకా సముద్రం?"

"ఇందుకే. మన వైపు కంటి డాక్టరు దగ్గరికెళ్తే సాయంత్రానికి భూముల ఏజెంటు చెవిన పడుతుంది. ఇక్కడ నన్ను ఎరిగినోడు లేడు." తల పక్కకి తిప్పి నాకేసి చూశాడు. "నీకు తెలుసు కదూ?"

"టైర్లకి మూడోసారి సున్నం కొట్టిననాడే."

"అనుకున్నా. నువ్వేమీ అనడం లేదు కదా, మరీ అంత పాడవలేదేమోలే అనుకున్నా. నీ కంటికి అంతగా అనిపిస్తే నువ్వు ఊరుకునే మనిషివి కాదుగా."

నా మౌనాన్ని వాడు అలా అర్థం చేసుకున్నాడు. నా నోటి దురుసు మీద అంత నమ్మకం వాడికి. వాడి టోపీ తీసి, మళ్ళీ పెట్టి, ఏదో దుమ్ము దులిపినట్టు భుజం దులిపాను.

రెండింటికి రమ్మన్న డాక్టరు నాలుగున్నరకి పిలిచాడు. కుర్రవాడు, మంచివాడు. చీకటి గదిలో ఏవో దీపాలు వేసి చూశాడు, మళ్ళీ చూశాడు. నడిమధ్య చూపు పోయిందన్నాడు. మందు లేదు, ఆపరేషన్ లేదు. అంచుల్లో మిగిలింది మిగులుతుంది. బండి ఏదీ నడపకూడదు, ఇవాళ్టి నుంచే.

"ఇక్కడికి ఎలా వచ్చారు?" అని అడిగాడు.

"మా అక్క తీసుకొచ్చింది," అన్నాడు డెంజిల్.

డాక్టరు నన్ను చూశాడు. నేను తలూపాను.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. వాడు ఏడవలేదు. నా చొక్కా చేతి అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, జ్వరం వచ్చినప్పుడు చిన్నతనంలో పట్టుకున్నట్టు.

"కెల్విన్‌కి ఫోను చేద్దాం," అన్నాను. కెల్విన్ మా పక్క పొలం వాడు, ముప్ఫై కిలోమీటర్ల దూరం. "గొర్రెల సంగతి వాడు చూస్తాడు. ఈ రాత్రికి ఇక్కడే పడుకుందాం. రేపు ఆదివారం, బస్సు లేదు. ఎల్లుండి చూద్దాం."

"ఏమని చెప్పను? విమానం ఉంది, పెట్రోలుంది, ఆకాశం బాగుంది, అయినా రాలేకపోతున్నా అనా? మన ఫోన్లు రేడియో మీద పోతాయక్కా. ప్రతి వంటింట్లో వింటారు. సోమవారానికి ఏజెంటు కారు గుమ్మం ముందుంటుంది."

"ఇంజను చెడిపోయిందని చెప్పు."

"రేపు పొద్దుటికి ముగ్గురు మెకానిక్కులు దిగుతారు సాయానికి. మనవాళ్ళు నీకు తెలీదా?" వేళ్ళతో చొక్కా అంచుని గట్టిగా పట్టుకున్నాడు. "తొట్టి ఎండితే పద్నాలుగు వందలు పోతాయి. ఆ ఉన్ని ఒక్కటే ఉంది మన దగ్గర. ఈ ఒక్కసారి అక్కా. ఆఖరుసారి. నువ్వు ముందు కూర్చుని అంకెలు చదువు. మిగతాది నా చేతులకి తెలుసు. నేల దగ్గరికొస్తే అంచుల్లో కనబడుతుంది నాకు."

వద్దనాలి. అందుకే పుట్టిందని నలుగురూ అనే నోరు నాది.

"ఏ గడియారం దేనికో చెప్పు," అన్నాను.

విమానం దగ్గర నేను ముందు తలుపు తీస్తుంటే ఐలీన్ పగలబడి నవ్వింది. "వస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి పిలుచుకున్నావ్, ఇప్పుడు ముందు సీటా? సముద్రపు గాలి తగిలిందర్రా వదినకి! పోనీ కూర్చో, నేను నా కూతురు పక్కన నిద్రపోతా." చేతిలో గవ్వల సంచీ. జుట్టంతా ఉప్పు. పన్నెండేళ్ళలో దాన్ని అంత అందంగా నేను చూడలేదు.

ఆరింటికి లేచాం. ఆ చప్పుడులో అరిస్తే తప్ప వినబడదు కనక అరిచి చదివాను. ఎత్తు నాలుగు వేల అయిదొందలు. దిక్కు నలభై. వేగం నూట ముప్ఫై. కాసేపటికి మళ్ళీ. డెంజిల్ తల పక్కకి పెట్టి వింటూ, చేతుల్ని వెంట్రుకవాసి కదిపేవాడు. అరగంట గడిచింది.

"అమ్మా, అత్త ఎక్కాలు చదువుతోందేంటి?" అంది రోజ్లిన్.

ఐలీన్ మొదట నవ్వింది. తరవాత ఆ నవ్వు వినబడలేదు. కాసేపటికి రెండు సీట్ల మధ్యలోంచి దాని చెయ్యి ముందుకొచ్చి డెంజిల్ మొహానికి ఎదురుగా ఆగింది.

"నా చేతిలో ఏముంది చెప్పు?"

"నన్ను నడపనీ ఐలీన్."

"ఏముందో చెప్పి నడుపు."

"గవ్వ," అన్నాడు.

చెయ్యి ఖాళీగా ఉంది. అలాగే రెండు క్షణాలు ఉండి వెనక్కి వెళ్ళింది. వెనక బెల్టు బిగించిన చప్పుడు వినబడింది, మళ్ళీ ఇంకో బెల్టు.

"మెర్ల్ వదినా, వాడికి కనబడటం లేదు."

నేను వెనక్కి తిరగలేదు. "ఎత్తు నాలుగు వేల నాలుగొందలు," అన్నాను.

"నా కూతురుందిరా ఇందులో! డెంజిల్! నీకు తెలుసు! తెలిసే ఎక్కించావ్!"

"ఇంకో ఇరవై నిమిషాలు," అన్నాడు వాడు. "అరవకు. అక్క చెప్పేది నాకు వినబడాలి."

ఐలీన్ అరవడం మానేసింది. ఏడుపు కూడా లేదు. పిల్ల "అమ్మా ఏమైంది, అమ్మా ఏమైంది" అంటూనే ఉంది, ఎవరూ దానికి చెప్పలేదు.

మా పొలం దగ్గర పడేసరికి నేనా నేలని గుర్తుపట్టలేకపోయాను. మధ్యాహ్నం వేడిగాలి లేచినట్టుంది. దుమ్ము లేచి, పడి, నేలంతా ఒకే ఎర్రటి దుప్పటి. తెల్లటి టైర్లు లేవు. మూడుసార్లు కొట్టిన సున్నం మీద వేలెడు మందాన మట్టి. ఇప్పుడు గాలి పడమటి నుంచి, దానికి ఎదురుగా పడమరకేసి దిగాలి, ఎదురుగా వాలుతున్న సూర్యుడు. మా ఇంటి రేకుల కప్పు మాత్రం మెరుస్తోంది.

"ఇల్లు కింద ఉంది," అన్నాను.

డెంజిల్ అలవాటుగా ఇంటి మీద కిందుగా ఒక చుట్టు తిరిగాడు. తిరిగి, తల వంచి, ఎదురుచూశాడు.

"పికప్ బయల్దేరిందా అక్కా?"

"ఎవరు నడుపుతారురా? అందరం ఇక్కడే ఉన్నాం."

వాడి మొహం నేను మర్చిపోలేను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఇంట్లో ఎవరూ లేరని అప్పుడు తెలిసింది వాడికి.

నేను వెతికాను. నేల మీద ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, పైనుంచి ఎన్నడూ కళ్ళు తెరిచి చూడలేదు. తిన్నగా ఒక చార కనబడితే "అదిగో, తిన్నగా పో" అన్నాను. కిందకి దించాడు. మూడొందల అడుగులు, రెండొందలు. చెట్లు పెద్దవయ్యాయి. అప్పుడు కనబడ్డాయి స్తంభాలు, తీగ. అది కంచె పక్క దారి. "పైకి! పైకి లాగు!" అని గొంతు చించుకున్నాను. ఇంజను అరిచింది, తీగ చక్రాల కింద నుంచి పోయింది. రోజ్లిన్ వెనక వాంతి చేసుకుంది.

"పెట్రోలుంది," అన్నాడు డెంజిల్, నాతోనో తనతోనో. "పెట్రోలు చాలా ఉంది."

పెట్రోలుంది, వెలుగే ఎక్కువసేపు ఉండదు. సూర్యుడు గుట్టల మీద బెత్తెడు ఎత్తున ఉన్నాడు.

నా భుజం మీంచి ఐలీన్ చెయ్యి వచ్చి రేడియో మైకు లాక్కుంది.

"వద్దు ఐలీన్," అన్నాడు వాడు. "ఇంత పైనుంచి మాట్లాడితే రెండొందల కిలోమీటర్లు వినబడుతుంది. అందరికీ—"

"అందరికీ వినబడాలనే." మీట నొక్కింది. దాని గొంతు చాలా నిదానంగా ఉంది. "నేను ఐలీన్ పాస్కోని. మా ఇంటి మీద తిరుగుతున్నాం. నా మొగుడికి కళ్ళు కనబడవు. మళ్ళీ చెప్తున్నా, డెంజిల్‌కి కళ్ళు కనబడవు. లోపల మా పాప ఉంది. మా రన్‌వేకి దగ్గర్లో ఎవరున్నా సరే, దీపాలేసుకుని రండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

గరగర. ఏమీ లేదు. డెంజిల్ పెదాలు కొరుక్కుంటున్నాడు. అప్పుడు వచ్చింది కెల్విన్ గొంతు.

"ఐలీన్, నేను కెల్విన్‌ని. మీ గొర్రెల దొడ్డి దగ్గరే ఉన్నా. రెండు నిమిషాలు ఆగండి. పైనే తిరగండి."

ఇంటి వెనకనుంచి బండి దూసుకెళ్ళడం చూశాను. రన్‌వే మీద ఆ కొస నుంచి ఈ కొసకి నడిపాడు, వెనక దుమ్ము లేచింది. రెండు కంగారూలు ఎగురుకుంటూ పొదల్లోకి పోయాయి. తరవాత తూర్పు కొసన మాకేసి దీపాలు పెట్టి ఆపాడు.

"డెంజిల్, నీ రెక్కలు కనబడుతున్నాయి నాకు," అన్నాడు రేడియోలో, ఉన్ని మూట ఎత్తిస్తున్నంత మామూలుగా. "కాస్త ఎడమకి. ఇంకాస్త. చాలు. అలాగే రా."

"వేగం ఎనభై," అన్నాను నేను. "డెబ్భై అయిదు. డెబ్భై అయిదు. డెబ్భై."

"దించు, దించు. నా మీంచి పోతావ్, భయపడకు."

బండి దీపాలు మా కింద నుంచి పోయాయి. చక్రాలు నేలని కొట్టాయి, ఎగిరాం, మళ్ళీ కొట్టాయి. విమానం పక్కకి ఈడ్చుకుపోయి, ఎడమ రెక్క ఏదో టైరుకి తగిలి మూలిగి, గిర్రున సగం తిరిగి ఆగింది. ఇంజను ఆగాక ఎవరి ఊపిరి వాళ్ళకి వినబడింది. నలుగురం బతికే ఉన్నాం.

అప్పుడు రేడియో మొదలైంది. ఒకరి తరవాత ఒకరు. దిగారా ఐలీన్? పాప బాగుందా? డెంజిల్, మేం బయల్దేరుతున్నాం. మేం కూడా. మాకు తెలిసిన ప్రతి వంటింటి గొంతూ ఉంది అందులో. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. డెంజిల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు.

కెల్విన్ పరిగెత్తుకొచ్చాడు. "ఇంత ఎండ కదా, మీరు బే పోయారని విని, ఓసారి గొర్రెల్ని చూసిపోదామని వచ్చా. నేనొచ్చేసరికే బోరు ఇంజను ఆగిపోయుంది. డీజిల్ పోశా, నీళ్ళు పడుతున్నాయి, నీ గొర్రెలకేం కాలేదు." ఆయాసంతో ఆగాడు. "ఒక్క మాట చెప్తే పోయేదిగా డెంజిల్? ఏవన్నా అనుకుంటామా?"

హేలీ బేలో హాయిగా పడుకుని ఉన్నా గొర్రెలకేం అయ్యేది కాదు. డెంజిల్ ఆ మాట విని నేల మీద కూర్చుండిపోయాడు.

ఐలీన్ పిల్లని ఎత్తుకుని నా దగ్గరికొచ్చింది. కొత్త గౌను నిండా వాంతి. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఎప్పట్నించి తెలుసు వదినా?"

"ఏడాదిన్నర."

"ఈ ఏడాదిన్నరలో ఇది ఎన్నిసార్లు ఎక్కిందో?"

"పందొమ్మిది." వెంటనే వచ్చేసింది నోట్లోంచి. పంటి డాక్టరు దగ్గరికి నాలుగు, బడి ఆటలకి ఆరు, అమ్మమ్మ రైలుకి రెండు, నాన్నతో సరదాగా ఏడు. ఎక్కిన ప్రతిసారీ గుర్తుంది. ప్రతిసారీ బెల్టు పెట్టింది నేనే.

ఐలీన్ నన్ను చాలాసేపు చూసింది. "లెక్క పెట్టుకుంటూ కూర్చున్నావన్నమాట," అంది. అంతే. అంతకంటే ఒక్క ముక్క అనలేదు, ఆ రోజూ అనలేదు, తరవాతా అనలేదు. పిల్లని కెల్విన్ బండిలో కూర్చోబెట్టి, తను పక్కన ఎక్కి, తలుపు వేసుకుంది. మమ్మల్ని తీసుకెళ్ళడానికి మళ్ళీ వస్తానని కెల్విన్ ఏదో అన్నాడు. నేను తలూపాను.

పొలం ఆ చలికాలమే పోయింది. ఇప్పుడు నేనూ డెంజిలూ పెద్ద ఊళ్ళో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. నాకు మంచం ఉంది, పొయ్యి ఉంది. వాడు పొద్దస్తమానం వరండాలో కూర్చుని, పైన విమానం పోతే అది ఏ రకమో చప్పుడుని బట్టి చెప్తాడు. ఎప్పుడూ తప్పదు. రోజ్లిన్ ఏడాదికి ఒకసారి ఉత్తరం రాస్తుంది, నేను చదివి వినిపిస్తాను.

ఆ సాయంత్రం బండి కదిలేసరికి డెంజిల్ లేచి నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తి ఊపడం మొదలుపెట్టాడు, బండి పోతున్న వైపు కాదు, కాస్త పక్కకి.

"అక్కా, నాకు దుమ్మే కనబడుతోంది. పాప చెయ్యూపుతోందా?"

వెనక అద్దంలోంచి రోజ్లిన్ మొహం నాకు కనబడుతూనే ఉంది. మాకేసే చూస్తోంది. రెండు చేతుల్తోనూ వాళ్ళమ్మ మెడ పట్టుకుని ఉంది. ఊపుతోందని చెప్పడం ఎంత తేలిక! ఏడాదిన్నర పాటు అలాంటి తేలిక పనే చేశాను.

"లేదురా," అన్నాను. "ఊపడం లేదు."

వాడు చెయ్యి దించలేదు. బండి చప్పుడు వినబడినంతసేపూ ఊపుతూనే ఉన్నాడు.